చదువు మానని నాన్న



గత నెల పేరెంట్ టీచర్ మీటింగులో నాలుగో తరగతి బాబు తండ్రి నా ముందు కూర్చుని మొహమాటంగా అడిగారు. "మేడం, నేను బెంగాల్ నుంచి వచ్చాను. చార్‌కమాన్ దగ్గర బంగారం పని చేస్తాను. నాకు తెలుగు చదవడం రాదు, ఇంగ్లిష్ అసలే రాదు. మా వాడికి ఇంట్లో నేనేం నేర్పగలను?"

పాతబస్తీలో మనలో చాలామందిమి ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడ్డవాళ్ళమే. అందుకే ఈ ప్రశ్న ఆయన ఒక్కరిది కాదు. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత అది మరో బెంగాలీ తండ్రి జీవితంలో దొరికింది. అదే ఈ నెల పాఠం.

ఊరు కాని ఊళ్ళో

ఆయన పేరు అఘోరనాథ్ చటోపాధ్యాయ. తూర్పు బెంగాల్‌లోని విక్రమపురం ప్రాంతానికి చెందినవారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదివి 1877లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా పొందారు. జర్మనీలోని బాన్‌లోనూ చదివారు. ఆ తర్వాత నిజాం రాజ్యానికి వచ్చి హైదరాబాద్ కాలేజీకి తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. తర్వాతి కాలపు నిజాం కళాశాలకు మూలం అదే.

ఇక్కడ ఆయనకు అన్నీ సాఫీగా జరగలేదు. 1883లో చాందా రైల్వే పథకం వివరాలు ప్రజలకు తెలియాలని పట్టుబట్టినందుకు ప్రభుత్వం ఆయన్ను రాజ్యం నుంచే బహిష్కరించింది. కొన్నాళ్ళకు తిరిగి వచ్చారు. మళ్ళీ చదువు చెప్పారు. మళ్ళీ తనూ నేర్చుకున్నారు.

ఆయన పెద్ద కూతురు 1879లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఆమే సరోజినీ నాయుడు.

కూతురు చూసిన నాన్న

సరోజిని తన తండ్రి గురించి రాసిన మాటల్లో ప్రేమ ఉంది, నిజాయితీ కూడా ఉంది. తెల్లటి పెద్ద గడ్డం, గ్రీకు మహాకవి హోమర్‌ను తలపించే ముఖం, కప్పు ఎగిరిపోయేంత నవ్వు. రోజూ ఆయన తోటలో అన్ని మతాల పండితులు, రాజులు, బిచ్చగాళ్ళు కలిసి కూర్చుని చర్చించేవారు. అంత చదివినా ఆయన నేర్చుకోవడం ఆపలేదు. ఇతర లోహాలను బంగారంగా మార్చాలనే రసవాదం పిచ్చిలో రాత్రింబవళ్ళు ప్రయోగాలు చేసేవారు. కొత్త సూత్రం తెచ్చిన ప్రతివాడూ ఆయనకు తమ్ముడే! బంగారం మాత్రం రాలేదు. డబ్బు ఈ ప్రయోగాలకూ, ఇతరులకు సాయం చేయడానికీ ఖర్చైపోయింది.

కూతురు గణిత శాస్త్రవేత్తో, సైంటిస్టో కావాలని ఆయన కోరిక. పదకొండేళ్ళప్పుడు ఆమె ఒక ఆల్జీబ్రా లెక్కతో కుస్తీ పడుతోంది. లెక్క తేలలేదు కానీ ఒక కవిత వచ్చింది. దాన్ని రాసిపెట్టుకుంది. అక్కడి నుంచి ఆమె దారి కవిత్వమే. బంగారం చేయాలనే తండ్రి తపన, కవిత రాయాలనే తన తపన ఒకే కోవవని తర్వాత ఆమే చెప్పింది.

అంటే ఆయన సబ్జెక్టు ఆమెకు రాలేదు. ఆయన కుతూహలం వచ్చింది.

అనుసరించకూడని పని

ఒక విషయం దాచకుండా చెప్పాలి. తొమ్మిదేళ్ళప్పుడు ఇంగ్లిష్ మాట్లాడనని సరోజిని మొండికేస్తే, తండ్రి ఆమెను రోజంతా గదిలో ఒంటరిగా ఉంచారు. బయటికొచ్చాక ఇంగ్లిష్ మాట్లాడిందట. అయినా ఆ ఇంగ్లిష్ గడియ పెడితే వచ్చిందని నేను నమ్మను. రోజూ నలుగురి మాటలు, చర్చలు వినపడే ఇల్లది. పైగా అమ్మ వరదసుందరీ దేవి ఆమెతో హిందుస్తానీలోనే మాట్లాడేవారు. దానివల్ల చదువేమీ వెనకబడలేదు. పన్నెండేళ్ళకే మద్రాసు మెట్రిక్యులేషన్ పాసైంది.

బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఇంట్లోనూ అదే నియమం పెట్టుకుందాం.

ఇంట్లో చేసి చూడండి

1. రోజూ పావుగంట పిల్లల ఎదుట మీరు ఏదైనా నేర్చుకోండి. పిల్లలనే టీచర్‌ను చేయండి. మీరు తప్పు చేసి దిద్దుకోవడం వాళ్ళు చూడాలి.

2. పిల్లల ప్రశ్నకు జవాబు రాకపోతే "నాకు తెలియదు, కలిసి కనుక్కుందాం" అనండి. ఆ మాట నిలబెట్టుకోండి.

3. ఇంటికి వచ్చిన చుట్టాన్ని, ఎలక్ట్రీషియన్‌ను, దర్జీని వాళ్ళ పని గురించి పిల్లల చేత అడిగించండి.

4. మీ ఇంటి భాషలోనే మాట్లాడండి, కథలు చెప్పండి. అది ఇంగ్లిష్‌కు అడ్డు కాదు.

5. ఒక ఆదివారం నయాపూల్ మీదుగా మూసీ దాటి నాంపల్లి స్టేషన్ రోడ్డుకు వెళ్ళండి. అక్కడ ఆ కుటుంబం నివసించిన "గోల్డెన్ త్రెషోల్డ్" ఉంది. 1905లో వచ్చిన సరోజిని తొలి కవితా సంపుటి పేరే ఆ ఇంటికి పెట్టారు. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదట నడిచింది అక్కడే.

చార్‌కమాన్ నాన్నగారికి నేను ఫోన్ చేసి ఇదే చెప్పాను. మొన్న ఆ బాబు తెలుగు నోటుబుక్కు దిద్దుతుంటే చివరి పేజీలో రెండు చేతిరాతలు కనపడ్డాయి. పైన బాబు రాసిన అ, ఆ, ఇ, ఈ. కింద వంకరటింకరగా అవే అక్షరాలు. వాటి పక్కన ఎర్ర పెన్నుతో బాబు వేసిన టిక్కు.