లండన్ వెళ్తున్న మేనకోడలికి

చౌల్దారీ,
దక్షిణ అండమాన్.

చి.ల.సౌ. బుజ్జికి మేనత్త ఆశీర్వదించి రాయునది.

అల్లుడిగారి ఉద్యోగం ఖాయమైందనీ, వీసాలు కూడా వచ్చేశాయనీ అన్నయ్య ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. పచ్చళ్లూ పొడులూ సర్దడం వదిన చూసుకుంటుంది కనుక ఆ జోలికి నేను పోను. "నాదేముంది, ఆయన వెంట వెళ్తున్నా" అన్నావట. అదొక్కటే నాకు నచ్చలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

పోతం జానకమ్మ పేరు నువ్వు విని ఉండవు. మద్రాసులో ఉండే తెలుగావిడ. 1873లో భర్త రాఘవయ్యతో కలిసి ఓడెక్కి ఇంగ్లండు వెళ్లింది. అప్పటికి సూయజ్ కాలువ తెరిచి నాలుగేళ్లే. సముద్రం దాటిన మగవాళ్లనే వెలివేస్తున్న రోజులవి. వీరేశలింగం గారు 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెట్టింది కూడా ఆ తర్వాతి ఏడే. ఆడపిల్లకు చదువెందుకన్న తగువే ఇంకా తేలని కాలంలో ఈవిడ లండన్ చూసొచ్చింది. చూసి ఊరుకోలేదు, తెలుగులో రాసుకుంది. ఆపైన తనే ఇంగ్లీషులోకి మార్చి 1876లో మద్రాసులో అచ్చు వేయించింది. పేరు 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్'.

భార్యను అంత దూరం తీసుకెళ్లిన రాఘవయ్యగారికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఆయన పేరు నాకెలా తెలిసిందనుకున్నావు? పుస్తకం మీద ఆవిడ పేరు పక్కన ఉండబట్టి! ఎవరు ఎవరి వెంట వెళ్లినట్టో నువ్వే చెప్పు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 1882లో, కృష్ణభావినీ దాస్ అనే బెంగాలీ ఆవిడ కూడా భర్తతోనే వెళ్లింది. చిన్న కూతుర్ని ఇక్కడే వదిలి వెళ్లాల్సి వచ్చింది పాపం. 1885లో ఆవిడ పుస్తకం వచ్చింది గానీ దాని మీద ఆవిడ పేరు లేదు, 'బెంగాలీ స్త్రీ' అని మాత్రం ఉంది. జానకమ్మ పేరు పెట్టుకోవడం ఎంత పెద్ద సంగతో అది చూశాకే నాకు అర్థమైంది.

మన పక్కనే ఉన్న మౌంట్ హారియెట్ కథా చూడు. 1862 నుంచి 1864 దాకా పోర్ట్ బ్లెయిర్‌లో సూపరింటెండెంటుగా ఉన్న టైట్లర్ దొర భార్య పేరది. 2021లో దాన్ని మౌంట్ మణిపూర్ అన్నారు. కొండ మీద పేరు ప్రభుత్వం పెడుతుంది, ప్రభుత్వమే మారుస్తుంది, దానికేం. ఆ హారియెట్ మాత్రం సిపాయిల తిరుగుబాటు తర్వాత భర్తతో కలిసి ఢిల్లీ, లక్నోల్లో వందల ఫొటోలు తీసింది, ముసలితనంలో జ్ఞాపకాలు రాసుకుంది. పోయాక ఎన్నో ఏళ్లకు, 1986లో, అవి పుస్తకంగా వచ్చాయి. ఆవిడ రాసుకున్నదాన్ని మార్చే అధికారం ఏ ఆఫీసుకూ లేదు.

ఇంత దూరం ఎందుకు, మన ఇంటి సంగతే తీసుకో. మనం చెప్పుకునేదంతా మీ తాత అండమాన్ వచ్చిన కథే. విశాఖలో ఓడెక్కిన దగ్గర్నుంచి హడ్డో జెట్టీలో దిగేదాకా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. నాయనమ్మ అదే ఓడలో, అదే బంకులో వచ్చింది. ఆవిణ్ణి అడిగినవాళ్లు లేరు. ఎప్పుడైనా చేపలు తోముతూ రెండు ముక్కలు అనేది. చింతపండు మూట తడిసిపోయిందనీ, దిగి రెండ్రోజులైనా పొయ్యి ముందు కూర్చుంటే నేల ఊగుతున్నట్టే ఉండేదనీ. తాత చెప్పిందంతా ఒకెత్తు, ఆ తడిసిన చింతపండు ఒకెత్తు. మూడు రోజుల సముద్రం నాకు దాన్లోనే కనపడుతుంది.

అందుకని రాయి. థేమ్స్ నది అందంగా ఉందని రాస్తే అది నాకు టీవీలోనూ కనిపిస్తుంది. పక్కింటావిడ చెత్తడబ్బా ఏ రోజు బయట పెడుతుంది, తడి బట్టలు ఎక్కడ ఆరేస్తావు, బస్సులో నీ పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరైనా నిలబడే ఉన్నారా, అవి రాయి. అల్లుడికి చదివి వినిపించు, తప్పులేదు. దిద్దనివ్వకు. ఇద్దరూ ఒకే చోట నిలబడి చూసినా నీకు కనిపించేది వేరు, అతనికి కనిపించేది వేరు. ఒకరికొకరు చెప్పుకోవడానికి ఏదో ఒకటి మిగలాలి కదా, లేకపోతే కాపురంలో కబుర్లేముంటాయి!

అతను సెలవు పెట్టేదాకా ఇంట్లో కూర్చోకు. మొదటి వారంలోనే ఒక్కదానివీ బజారుకి వెళ్లి పాలూ ఉల్లిపాయలూ తెచ్చుకో. నీ వీసా మీద నువ్వూ ఉద్యోగం చేసుకోవచ్చన్న సంగతి గుర్తుపెట్టుకో. నీ బ్యాంకు ఖాతా నీ పేరు మీదే తెరువు.

నవంబరులో దిగుతున్నారు కనుక సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, బెంగపడకు. మన దగ్గరా డిసెంబరులో ఐదింటికల్లా పొద్దుగూకుతుంది కదా, నీకు మరీ కొత్తేం కాదు.

వెళ్లగానే ఉత్తరం రాయి. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి ఫోన్లో పంపితే నేను చదవను, ముందే చెప్తున్నా.

ఇట్లు,
మీ అత్త