దసరా నుంచి సంక్రాంతి దాకా: పిల్లల సాయంత్రం సైకిల్ జట్టు



దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన రెండు మూడు వారాలకే సైకిల్ స్టాండ్‌లో ఖాళీలు కనబడతాయి. అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: "తొందరగా చీకటి పడుతోంది టీచర్, సైకిల్ మాన్పించాం." ముందుగా ఆగిపోయేవి ఎక్కువగా ఆడపిల్లల సైకిళ్లు. సంక్రాంతి తర్వాత మళ్లీ తెస్తామంటారు. ఈలోగా పరీక్షలు దగ్గర పడతాయి, ట్యూబుల్లో గాలి పోతుంది, సైకిల్ మూలకు చేరుతుంది.

మీ భయం న్యాయమైనదే. కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఏటా ఇచ్చే నివేదికలు చూస్తే, దేశంలో ఎక్కువ ప్రమాదాలు జరిగేది సాయంత్రం 6 నుంచి 9 గంటల మధ్యే. మొత్తం ప్రమాదాల్లో సుమారు ఐదో వంతు ఆ మూడు గంటల్లోనే జరుగుతున్నాయి. అయినా చలికాలమంతా సైకిల్ ఆపక్కర్లేదు. మూడు పనులు చేస్తే చాలు. బయల్దేరే టైము ముందుకు జరపాలి. పిల్లలు డ్రైవర్లకు దూరం నుంచే కనబడాలి. నలుగురైదుగురు కలిసి ఒక పద్ధతి ప్రకారం రావాలి. ఈ మూడింటి వెనుక ఉన్న లెక్కను పిల్లలతో కలిసి చదవడానికి వీలుగా ఇక్కడ ఇస్తున్నాం.

1. చీకటి లెక్క

జూన్‌లో బడి తెరిచినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో సూర్యుడు దాదాపు 6:50కి అస్తమిస్తాడు. అక్టోబర్ మొదట్లో అది 6 గంటలకు వస్తుంది. నవంబర్ మూడో వారానికి మూడు చోట్లా 5:30, 5:40 మధ్యకు చేరుతుంది. అంటే జూన్‌తో పోలిస్తే గంటకు పైగా వెలుతురు తగ్గిపోతుంది. బడి వదిలే టైము మాత్రం అలాగే ఉంటుంది.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. ఏడాదిలో అతి చిన్న పగలు డిసెంబర్ 21 లేదా 22న వస్తుంది. కానీ మన ప్రాంతంలో సూర్యుడు అందరికంటే తొందరగా ఇంటికి పోయేది నెల ముందే, నవంబర్ 20 తర్వాతి రోజుల్లో. కారణం ఏమిటంటే, భూమి కక్ష్య పూర్తి గుండ్రంగా ఉండదు, భూమి అక్షం కూడా వంగి ఉంటుంది. అందువల్ల సూర్యుడు ఆకాశంలో అన్నిటికంటే ఎత్తుకు వచ్చే సమయం రోజురోజుకూ కొంచెం జరుగుతుంటుంది. మహబూబాబాద్‌లో నవంబర్ మొదట్లో ఆ సమయం దాదాపు 11:54. డిసెంబర్ 21కి అది 12:08 అవుతుంది. మధ్యాహ్నమే వెనక్కి జరిగితే అస్తమయం కూడా దాంతోపాటు వెనక్కి జరుగుతుంది కదా. అందుకే డిసెంబర్‌లో పగలు ఇంకా కుదించుకుపోతున్నా సాయంత్రం వెలుతురు మెల్లగా పెరగడం మొదలవుతుంది. సంక్రాంతికి సూర్యాస్తమయం మళ్లీ 6 గంటల దగ్గరికి వస్తుంది. మనం జాగ్రత్తగా ఉండాల్సింది ప్రధానంగా ఈ మూడు నెలలు.

రెండో సంగతి సంధ్య వెలుతురు. సూర్యుడు దిగాక దీపం లేకుండా దారి కనబడే సమయం మన దగ్గర ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలే. చలికాలంలో లండన్‌లో అదే దాదాపు 40 నిమిషాలు. భూమధ్యరేఖకు దగ్గరైన కొద్దీ సూర్యుడు నిటారుగా దిగుతాడు, చీకటి గబుక్కున పడుతుంది. "ఇంకా వెలుతురు ఉందిలే" అని బయల్దేరిన పిల్లలకు సగం దారిలోనే చీకటి పడడానికి కారణం ఇదే.

కాబట్టి ఇంటికి చేరాల్సిన టైము నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఇల్లు 3 కిలోమీటర్లు అనుకుందాం. పిల్లలు గంటకు 12 కిలోమీటర్ల వేగంతో తొక్కితే 15 నిమిషాలు పడుతుంది. జట్టుగా వస్తే ఆగడాలకు, ఎదురుచూడడాలకు మరో 5 నిమిషాలు. నవంబర్‌లో 5:50కల్లా ఇల్లు చేరాలంటే 5:30కి గేటు దాటాలి. స్టడీ అవర్ లేదా ట్యూషన్ ఆ తర్వాత ముగుస్తుంటే సైకిల్ మీద వచ్చే పిల్లలను ముందుగా పంపమని క్లాస్ టీచర్‌ను అడగండి. ఆ చివరి పావుగంట చదువు ఇంట్లోనూ చదువుకోవచ్చు. అలా కుదరని రోజున ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్లడం మంచిది.

2. ఒక సెకనుకు ఎన్ని మీటర్లు?

తొమ్మిదో తరగతి పిల్లలు ఈ లెక్క మీకే చేసి చూపించగలరు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. ఎదురుగా ఏదో ఉందని గుర్తించి డ్రైవర్ బ్రేక్ మీద కాలు పెట్టేలోపు సెకనున్నర గడుస్తుందనుకుంటే 25 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్న కారు ఆగడానికి మరో 20 మీటర్లు కావాలి. మొత్తం 45 మీటర్లు. లోడుతో ఉన్న టిప్పర్‌కు ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ఇంకో పక్క చూద్దాం. డిమ్ లైటులో నీలం, నలుపు దుస్తులు వేసుకున్న మనిషి ముప్పై మీటర్ల లోపు వచ్చేదాకా చాలాసార్లు సరిగా కనబడరు. బండి ఆగడానికి 45 మీటర్లు కావాలి, పిల్లవాడు కనబడేది 30 మీటర్లలో. తేడా 15 మీటర్లు. ప్రమాదమంతా ఆ పదిహేను మీటర్లలోనే ఉంది. బండి 40 కిలోమీటర్ల వేగంలో ఉంటే మొత్తం 26 మీటర్లలో ఆగిపోతుంది. అందుకే ఊరి లోపలి వీధికీ హైవేకూ అంత తేడా.

చలికాలం ఈ తేడాను ఇంకా పెంచుతుంది. వేసవిలో కనీసం తెల్ల చొక్కా కనబడేది. నవంబర్ వచ్చేసరికి దాని మీద ముదురు రంగు స్వెటర్ వేస్తాం. వీపును నల్లటి బ్యాగు కప్పేస్తుంది. టిఫిన్ సంచి క్యారియర్‌కు కట్టామంటే వెనుక ఉన్న ఎర్ర రిఫ్లెక్టర్ కూడా దాని చాటుకు పోతుంది. చీకటి పెరిగే రోజుల్లోనే మనం పిల్లలను ఇంకాస్త కనబడకుండా చేస్తున్నాం.

3. రేడియం అనే పేరు, దాని పని

మన ఊళ్లలో "రేడియం స్టిక్కర్" అనేదానిలో రేడియం అసలు ఉండదు. అది రిఫ్లెక్టివ్ టేపు. మామూలు తెల్ల గుడ్డ మీద పడిన వెలుతురు అన్ని వైపులకూ చెదిరిపోతుంది. ఈ టేపులో కంటికి కనబడనంత చిన్న గాజు పూసలు గానీ, మూల ఆకారపు పట్టకాలు గానీ ఉంటాయి. అవి వెలుతురును ఎటు నుంచి వచ్చిందో అటే తిరిగి పంపుతాయి. హెడ్‌లైట్ వెలుతురు నేరుగా డ్రైవర్ కళ్ల వైపే వెళుతుంది. అందుకే వంద మీటర్లకు పైగా దూరం నుంచే మెరుస్తుంది.

ఫ్లోరోసెంట్ పచ్చ, నారింజ రంగు జాకెట్లను దీనితో కలపొద్దు. ఆ రంగులు పగటి వెలుతురులోని అతినీలలోహిత కిరణాల వల్ల మెరుస్తాయి. మబ్బు పట్టినప్పుడు, సంధ్య వేళ బాగానే పనిచేస్తాయి. పూర్తిగా చీకటి పడ్డాక వాటి మీద ఉన్న రిఫ్లెక్టివ్ పట్టీలే పనికొస్తాయి.

సైకిల్ రిఫ్లెక్టర్ల నాణ్యత మీద కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రత్యేకంగా ఉత్తర్వు ఇచ్చింది. కొత్త సైకిల్ కొనేటప్పుడు ముందు, వెనుక, చక్రాల ఊచలకు, పెడళ్లకు రిఫ్లెక్టర్లు ఉన్నాయో లేవో చూడండి. పెడల్ రిఫ్లెక్టర్లు చిన్నవే అయినా ముఖ్యమైనవి. అవి పైకీ కిందికీ కదులుతుంటే ముందున్నది రాయి కాదు, తొక్కుతున్న మనిషి అని డ్రైవర్‌కు వెంటనే తెలుస్తుంది. పాత సైకిల్ అయితే రేడియం షాపులో చిన్న ముక్కలు కత్తిరించి అంటించండి: వెనుక మడ్‌గార్డుకు, స్కూల్ బ్యాగుకు, స్వెటర్ మోచేతుల దగ్గర, చీలమండల దగ్గర.

టేపు ఉన్నా లైటు కావాలి. ఎదుటి బండికి లైటు లేకపోతే టేపు మెరవదు. ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర లైటు ఉండాలి. ముందు లైటును కొంచెం కిందికి వంచితే రోడ్డు కనబడుతుంది, ఎదురొచ్చేవారి కళ్లలో పడదు. చేతిలో ఫోన్ టార్చ్ పట్టుకుని తొక్కడం మాత్రం వద్దే వద్దు. సైకిల్‌కు డైనమో లైటు ఉండాల్సిందేనన్న రోజుల గురించి ఇంట్లో తాతయ్యలను అడగండి, కథలు చెబుతారు.

ఇది పిల్లలకే పెట్టిన నియమం కూడా కాదు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తి చేసే బ్రెవే రైడ్లు హైదరాబాద్‌తో సహా చాలా నగరాల్లో జరుగుతాయి. అనుభవమున్న పెద్దవాళ్లకు కూడా రాత్రిపూట లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్ తప్పనిసరి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్ 1న ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ బండ్లు నడిచే దారికి వేరుగా, పైకప్పుతో ఉంది. మన పిల్లలు బండ్లతో కలిసి అదే రోడ్డు మీద నడపాలి కాబట్టి వెలుతురును వాళ్లే వెంట తీసుకెళ్లాలి.

4. మన దారుల్లో ఈ సీజన్

వానాకాలం వరి కోతలు మొదలవగానే ఊరి దారుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. అంచున రాళ్లు పెడతారు, రాత్రికి పట్టాలు కప్పుతారు. వడ్ల మీద సైకిల్ టైరు జారుతుంది, రాళ్లు చీకట్లో కనబడవు. పత్తి లోడుతో వెళ్లే ట్రాక్టర్ ట్రాలీలకు చాలాసార్లు వెనుక లైటు ఉండదు. వానలకు పడిన గుంతలు అప్పటికి ఇంకా పూడ్చి ఉండరు.

జనగామ మీదుగా 163వ జాతీయ రహదారి, మహబూబాబాద్ మీదుగా 365వ జాతీయ రహదారి వెళుతున్నాయి. పరకాల, భూపాలపల్లి, కాళేశ్వరం దారి 353సి జాతీయ రహదారి. భూపాలపల్లి వైపు బొగ్గు, ఇసుక బండ్ల రాకపోకలు వీటికి తోడు. హైవేను దాటడం తప్పకపోతే సిగ్నల్ లేదా లైట్లున్న కూడలి దగ్గరే దిగి, సైకిల్ నడిపిస్తూ దాటాలి. రెండు కిలోమీటర్లు ఎక్కువైనా ఊరి లోపలి దారే మంచిది.

చలికి చెవులు కప్పడం అవసరమే. కానీ మంకీ క్యాప్ బిగించి కడితే వెనుక వచ్చే బండి చప్పుడు వినబడదు, పక్క చూపు కూడా తగ్గుతుంది. చెవులు మాత్రమే కప్పే పల్చటి గుడ్డ కట్టి పైన హెల్మెట్ పెడితే సరిపోతుంది. ఇయర్‌ఫోన్లు అస్సలు వద్దు.

5. జట్టు పద్ధతి

గుంపుగా రావడం వేరు, జట్టుగా రావడం వేరు. పక్కపక్కన మాట్లాడుకుంటూ వచ్చే గుంపు ఒంటరి సైకిల్ కంటే ప్రమాదం. జట్టుకు ఈ నియమాలు చాలు:

• ఒక జట్టులో ఆరుగురికి మించవద్దు. ఎక్కువమంది ఉంటే రెండు జట్లు చేయాలి.
• అందరూ ఎడమ పక్కన, ఒకరి వెనుక ఒకరు. మధ్యలో రెండు సైకిళ్ల దూరం.
• ముందు దారి తెలిసిన పెద్దవారు. అందరికంటే నెమ్మదిగా తొక్కేవారు రెండో స్థానంలో. వాళ్ల వేగమే జట్టు వేగం.
• అన్నిటికంటే మంచి వెనుక లైటు ఉన్నవారు చివర ఉండాలి. వాళ్లు ఎవరినీ దాటకూడదు.
• ముందున్నవారు "గుంత", "వడ్లు", "ఆగుతున్నా" అని గట్టిగా చెప్పాలి. వెనుకవారు "బండి" అని చెప్పాలి. ప్రతి మాటనూ తర్వాతివారికి అందించాలి.
• ప్రతి మలుపు దగ్గర తలలు లెక్కపెట్టాలి.
• ఎదురుగా హై బీమ్ పడితే దాని వైపు చూడొద్దు. ఎడమ అంచును చూస్తూ నెమ్మదించాలి. దారి కనబడకపోతే దిగాలి.

తల్లిదండ్రులు చేయాల్సింది ఒకటుంది. "ఆలస్యమైతే తిట్టం, ఫోన్ చెయ్యి చాలు" అని ముందే చెప్పండి. తిట్లకు భయపడే పిల్లలే చీకట్లో వేగంగా తొక్కుతారు. చీకటి పడితే దారిలో ఏ కిరాణా దుకాణం దగ్గర ఆగాలో, ఎవరి ఫోన్ అడగాలో ముందే అనుకోండి.

6. "అయితే స్కూటీ ఇస్తాం"

కొందరు ఇళ్లలో ఇదే పరిష్కారం అనుకుంటున్నారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు మామూలు స్కూటీ నడిపే లైసెన్స్ రాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పిల్లలు నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. చీకటి మాత్రం అదే చీకటి, వేగం మూడింతలు.

7. ఈ ఆదివారం చేసి చూడండి

సాయంత్రం 6:30కి వీధిలో ఖాళీ చోట బైకును స్టాండ్ వేసి డిమ్ లైటు వెలిగించండి. పిల్లలు స్వెటర్, బ్యాగు వేసుకుని సైకిల్ పట్టుకుని 60 అడుగుల దూరం నడవాలి. మీరు హ్యాండిల్ దగ్గర నిలబడి చూడండి. తర్వాత బ్యాగుకు, చీలమండలకు రేడియం ముక్కలు అంటించి, వెనుక లైటు వేసి ఇంకోసారి. మొదటిసారి ఎన్ని అడుగుల దగ్గర మసకబారారో, రెండోసారి ఎంత దూరం కనబడ్డారో పిల్లలే నోట్‌బుక్‌లో రాయాలి. తర్వాత చోట్లు మార్చుకోండి. డ్రైవర్‌కు తాము ఎలా కనబడతామో పిల్లలకు ఒకసారి అర్థమైతే, లైటు వేసుకోమని రోజూ చెప్పే పని మీకు తప్పుతుంది.

ఆ నోట్‌బుక్ పేజీని సోమవారం క్లాస్‌కు పంపండి. ఒకే దారిలో వచ్చే పిల్లల పేర్లు కూడా దాని మీద రాయండి. వాటిని చూసి జట్లు కడదాం. అమ్మాయిల పేర్లు ఆ జాబితాలో తగ్గకుండా చూసుకోండి.