క్యాబిన్ నుంచి పిలుపొస్తే గుండె దడ

మా ఆఫీసులో లెక్కలు చూసే ఒకావిడ ఉండేది. బిల్లుల్లో పైసా తేడా రానిచ్చేది కాదు. మేనేజర్ గొంతు పెరిగితే మాత్రం, తిట్లు తనకు కాకపోయినా, కీబోర్డు మీద వేళ్లు బిగుసుకుపోయేవి. 'చిన్నప్పుడు నాన్న గడియ తీసిన చప్పుడుకే ఊపిరి బిగపట్టేవాళ్లం' అని చాలా ఏళ్లకు చెప్పింది.

చిన్నతనమంతా దెబ్బలతోనో, లైంగిక హింసతోనో గడిచినవాళ్లలో కొందరికి ఆ భయం పెద్దయ్యాకా వదలదు. పాతది ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. దానికితోడు కోపం, ఏడుపు అదుపులో ఉండవు, 'నేనెందుకూ పనికిరాను' అనిపిస్తుంది, మనుషుల్ని నమ్మడం కష్టమవుతుంది. 2022లో అమల్లోకొచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 దీన్ని కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని విడిగా గుర్తించింది. పిరికితనం కాదిది. చికిత్స ఉంది.

జుడిత్ హెర్మన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1992లోనే మూడు దశల దారి చెప్పారు: ముందు భద్రత, తర్వాత గతాన్ని తలుచుకుని దుఃఖించడం, ఆపైన మళ్లీ మనుషుల్లో కలవడం. ట్రామాను నేరుగా పట్టించుకునే సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లను మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్ల కదలికలతో చేసే చికిత్స) ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతులు. థెరపిస్టును మొదటి రోజే అడగండి, ఇలాంటి కేసులు చూశారా అని. గతమంతా వెంటనే కక్కేయమని తొందరపెడితే, ఇంకొకరిని వెతుక్కోండి. నిద్రకో దిగులుకో మందులిస్తే సొంతంగా మానేయకండి.

సెషన్ ఉన్న రోజు ఆ తర్వాత ముఖ్యమైన మీటింగు పెట్టుకోకండి. సెషన్ సాయంత్రమో, సెలవుకు ముందు రోజో అయితే మేలు. ఒంటరిగా మోయలేననిపిస్తే, చనిపోవాలన్న ఆలోచన వస్తే, వెంటనే టెలీ-మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆఫీసులో జబ్బు పేరు చెప్పాల్సిన పని లేదు, కావలసింది అడిగితే చాలు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మీ చికిత్స వివరాలను డాక్టరు గోప్యంగా ఉంచాలి. అదే చట్టం శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ ఇన్సూరెన్స్ ఇవ్వాలంటుంది. మీ పాలసీ ఒకసారి చదువుకోండి.

ఆవిడ మేనేజర్‌ని అడిగింది ఒక్కటే: 'సార్, పిలిచేటప్పుడు దేనికో మెసేజ్‌లో రాయండి.' ఆయన రాయడం మొదలుపెట్టారు. పిలుపొస్తే పాదాలు నేలకు గట్టిగా ఆనించి, తన వయసెంతో మనసులో చెప్పుకుని, అప్పుడు లేచేది.