పరభూమిలో ఆంగ్లోపాధ్యాయవృత్తి

వివాహానంతరము భర్తతోగాని, ఉద్యోగవశమున భార్యతోగాని విదేశములకు తరలిపోవు మన తెలుగు పట్టభద్రులలో ఆంగ్లసాహిత్యమున ఎం.ఏ. చేసినవారును, బి.ఎడ్. ముగించి నాలుగైదేండ్లు పాఠశాలలలో పనిచేసినవారును తక్కువగా లేరు. కొత్త ఊరిలో ఇల్లు కుదిరి, పిల్లలు బడిలో చేరి, కొంత తీరిక చిక్కిన పిమ్మట, తాము నేర్చిన విద్యతోనే ఉపాధి వెదకికొనవలెనని వీరికి సహజముగా తోచును. అయితే ప్రకటనలలో 'నేటివ్ స్పీకర్' కావలెనను మాట కంటబడగానే, ఇంగ్లీషు మాతృభాషగా గలవారి నడుమ ఇంగ్లీషు చెప్పుటకు మనకేమి అర్హతయని వెనుదీసి, దుకాణములోనో గిడ్డంగిలోనో దొరకిన పనితో సరిపెట్టుకొను వారే పెక్కుమంది. ఈ వెనుకంజ అనావశ్యకమని నా నిశ్చితాభిప్రాయము. పుట్టుకతో ఒక భాషను మాటలాడుట వేరు, దానిని మరియొకనికి నేర్పుట వేరు. పరభాషను పరభాషగానే అభ్యసించి వ్యాకరణమును, ఉచ్చారణమును, వాక్యవిన్యాసమును ప్రయత్నపూర్వకముగా సాధించినవానికి, అభ్యాసకుడు ఎచ్చట తడబడునో, ఎందుకు తడబడునో స్వానుభవము వలననే తెలియును. మంచి యజమాని వెల యిచ్చి కొనునది ఈ తెలివినే. అయితే అది మనలో ఉన్నదని మనము చెప్పుకొనినంత మాత్రమున ఎవ్వరును నమ్మరు. కాగితముల మీదను, తరగతిగదిలోను నిరూపింపవలెను.

అన్నింటికంటె ముందు తేల్చుకొనవలసినది పనిచేయు హక్కు. అమెరికాలో హెచ్-1బి ఉద్యోగుల కుటుంబసభ్యులకిచ్చు హెచ్-4 వీసాపై నున్న వారందరికిని ఈ హక్కు లేదు. 2015 మే నెలలో అమలులోనికి వచ్చిన నియమము ననుసరించి, భాగస్వామికి ఐ-140 అను వలస అర్జీపై ఆమోదము లభించినప్పుడో, గ్రీన్‌కార్డు ప్రయత్నము కారణముగా ఆరేండ్ల పరిమితిని మించి హెచ్-1బి పొడిగింపు దొరకినప్పుడో మాత్రమే ఈఏడీ అను పని అనుమతిపత్రమునకు దరఖాస్తు చేయవచ్చును. అది చేతికి రాకమునుపు ఇంటినుండి ఆన్‌లైనులో పాఠములు చెప్పి రుసుము పుచ్చుకొనుటయు పనిగానే పరిగణింపబడు ప్రమాదము కలదు గనుక, ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడుగక అట్టి పనికి పూనుకొనరాదు. బ్రిటనులో స్కిల్డ్ వర్కర్ వీసాదారుని భార్యకుగాని భర్తకుగాని ఈ చిక్కు లేదు. కెనడాలో భాగస్వాములకిచ్చు ఓపెన్ వర్క్ పర్మిట్టు నియమములు 2025 జనవరి నుండి బిగుసుకొన్నవి కావున, పూర్వము వెళ్లిన బంధువుల అనుభవమును ప్రమాణముగా గొనరాదు.

కొన్ని దేశములలో ద్వారపాలకత్వము చేయునది విద్య కాదు, పౌరసత్వము. దక్షిణ కొరియాలో ఆంగ్లబోధకులకిచ్చు ఈ-2 వీసా సామాన్యముగా ఏడు ఆంగ్లభాషా దేశముల పౌరులకే పరిమితము. అయినను 2010 జనవరి 1 నుండి అమలులోనున్న భారత-కొరియా ఆర్థిక ఒప్పందము, పట్టముతోపాటు ఆంగ్లోపాధ్యాయ అర్హతపత్రము గల భారతీయులకు అక్కడి పాఠశాలలలో సహాయోపాధ్యాయులుగా చేరుటకు సన్నని త్రోవ యొకటి తెరచినది. జపానులో విద్యాసంస్థలందు భాషాబోధన చేయువారికిచ్చు ఇన్‌స్ట్రక్టర్ వీసాకు, బోధింపబోవు భాషలో పండ్రెండేండ్లు విద్యాభ్యాసము చేసియుండవలెనను నిబంధన కలదు. మొదటి తరగతి నుండి ఆంగ్లమాధ్యమమున చదివిన మన విద్యార్థులకు ఇది ఆటంకము కాదు, అనుకూలము. కావలసినదెల్ల చదివిన ప్రతి పాఠశాల నుండియు మాధ్యమమును తెలుపు ధ్రువపత్రమును తెచ్చుకొనుటయే.

గల్ఫు దేశములలో స్థితి వేరు. అచ్చట సీబీఎస్ఈ పాఠ్యప్రణాళికను అనుసరించు భారతీయ పాఠశాలలు విస్తారముగా ఉన్నవి. అందు ఆంగ్లోపాధ్యాయ పదవికి బి.ఎడ్., అనుభవము ప్రధానములు, జన్మభూమి ప్రశ్నయే రాదు. మాల్దీవులలోని ద్వీపపాఠశాలలలోను ఆంగ్లమే బోధనామాధ్యమమగుటచే మన దేశపు ఉపాధ్యాయులు చిరకాలముగా పనిచేయుచున్నారు. ఈ చోట్ల దేశమునకు వెళ్లకమునుపే నియామకము కుదుర్చుకొనుట మేలు.

కాని, భాగస్వామి వెంట అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాలకు వెళ్లినవారికి అత్యంత సుముఖమైన క్షేత్రము మరియొకటి కలదు. దానిని గురించియే మనవారికి తక్కువగా తెలియును. అది వలసవచ్చిన వయోజనులకు ఇంగ్లీషు నేర్పు పని. ఆస్ట్రేలియాలో 1948 నుండి నడచుచున్న వలసదారుల ఆంగ్లబోధన కార్యక్రమము, అనగా అమెప్. కెనడాలో 1992లో ప్రారంభమైన లింక్. అమెరికాలో 2014 నాటి వర్క్‌ఫోర్స్ చట్టపు రెండవ భాగము క్రింద నిధులు పొందు అడల్ట్ ఎడ్యుకేషన్ తరగతులు. బ్రిటనులో కాలేజీలు నడపు ఈసాల్ తరగతులు - ఇవన్నియు సర్కారు సొమ్ముతో సాగు వ్యవస్థలు. సాయంకాలము కమ్యూనిటీ కాలేజీలోనో, ప్రజాగ్రంథాలయపు మేడగదిలోనో ఇరువదిమంది కూర్చుందురు. వారిలో సోమాలియా నుండి వచ్చిన టాక్సీ డ్రైవరు ఉండును. తన భాషలో ఇంజనీరయ్యు ఇచ్చట హోటలు వంటగదిలో పనిచేయు సిరియా యువకుడుండును. మనుమల నెత్తుకొని ఇంట కూర్చుండి విసిగిన చైనా అవ్వయుండును. వారికి షేక్స్‌పియరు అక్కరలేదు. పిల్లవానికి జ్వరమని బడికి ఫోను చేయుట, మందులషాపులో చీటీ చదివి ఎన్ని పూటలు వేసికొనవలెనో గ్రహించుట, ఇంటి యజమానికి పంపు పగిలినదని జాబు వ్రాయుట కావలెను. పరదేశమున నోరు తెరచుటకు జంకు ఎట్లుండునో మొన్నమొన్ననే అనుభవించిన మన ఉపాధ్యాయురాలు ఈ తరగతికి తెచ్చునట్టి సానుభూతి, ఆ జంకు నెన్నడు నెరుగనివారికి అంత సులభముగా అలవడదు. వయోజన తరగతులలో తలుపుతట్టుడని నేను పదేపదే చెప్పుటకు ఇదియే కారణము.

ఇక శిక్షణ. ఎం.ఏ. పట్టము సాహిత్యపరిజ్ఞానమును తెలుపునేగాని బోధనాసామర్థ్యమును తెలుపదు. ప్రపంచమంతట యజమానులు గుర్తించునవి ప్రధానముగా రెండు: కేంబ్రిడ్జివారి సెల్టా, ట్రినిటీవారి సర్ట్‌టీసాల్. సెల్టాలో తరగతి శిక్షణ కనీసము 120 గంటలు. పూర్తికాలము చదివినచో సాధారణముగా నాలుగు వారములు. అందు నిజమైన విద్యార్థుల ముందు, శిక్షకుడు వెనుకబెంచిపై కూర్చుండి గమనించుచుండగా, ఆరు గంటలు పాఠము చెప్పవలెను. ఈ ఆరు గంటలే ఆ పత్రమునకు విలువ తెచ్చునవి. వారాంతమున ఇంటికి వచ్చు 'నూట ఇరువది గంటల టెఫ్ల్' పత్రములు అంకెలో దీనిని పోలియున్నను, విద్యార్థి ముఖము చూడకయే ముగియునట్టివి గనుక, ఆ రెంటికిని పోలిక లేదు. ట్రినిటీ శిక్షణలో మరియొక విశేషము కలదు: శిక్షణార్థులకు ముక్కయు తెలియని ఒక భాషను ఆ భాషలోనే కొన్ని పాఠములు చెప్పి, మొదటినాటి విద్యార్థి అవస్థ ఎట్టిదో చవిచూపింతురు.

స్వదేశమున నుండగనే సిద్ధపడదలచినవారికి హైదరాబాదే ఉన్నది. 1958లో కేంద్ర ఆంగ్లసంస్థగా వెలసి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ, ఆంగ్లబోధనలోనే ప్రత్యేకముగా పీజీసీటీఈ, పీజీడీటీఈ పాఠ్యక్రమములను నడపుచు, అంతటితో ఆగక పెక్కు దేశముల అధికారులను రప్పించి వారికి ఇంగ్లీషు నేర్పుచున్నది. ఇంగ్లీషు నేర్చుకొనుటకు ఇతర దేశములవారు మన ఊరికి వచ్చుచుండగా మనము ఇతర దేశములలో నేర్పుటకు సంకోచింపనేల? టాస్కులద్వారా భాష నేర్పు పద్ధతిని నేడు విదేశీ శిక్షకులు ఆదరముతో ప్రస్తావింతురు. దానికి పునాదివేసిన ప్రయోగములలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1979 నుండి ఐదేండ్లు దక్షిణభారతమున సామాన్య పాఠశాలలలో ఎన్.ఎస్. ప్రభు నడపినదే. ఇంటర్వ్యూలో ఈ సంగతి అడుగరు; కాని మన వెన్ను నిటారుగా నిలుపుటకు తెలిసియుండదగినది.

ఇంటర్వ్యూలో అడుగునది వేరు. 'ఇరువది నిమిషములు పాఠము చెప్పి చూపుము' అందురు. ఇచ్చటనే మనవారు ఎక్కువగా దెబ్బతినుచున్నారు. బోర్డుపై 'ప్రెజెంట్ పర్‌ఫెక్ట్' అని శీర్షిక వ్రాసి, నిర్వచనము చెప్పి, హావ్, హాజ్ సూత్రములు వ్రాసి, ఐదు ఉదాహరణములు చదువుట మన బడిలో పాఠమనిపించుకొనవచ్చును, అక్కడ ఉపన్యాసమనిపించుకొనును. ఎదుట కూర్చున్న పరీక్షకుడు లెక్కించునది మీరు మాటలాడిన నిమిషములను కాదు, విద్యార్థులు మాటలాడిన నిమిషములను. అందుచే ఒక చిన్న కథతో ప్రారంభింపుడు: మరియా మెక్సికో నుండి ఐదేండ్ల క్రిందట ఈ ఊరికి వచ్చినది, ఇప్పటికిని ఇక్కడనే యున్నది. బోర్డుపై ఒక గీత గీసి, ఒక కొనను ఆమె వచ్చిన సంవత్సరమును, రెండవ కొనను నేటిదినమును గుర్తింపుడు. 'షీ హాజ్ లివ్డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అను వాక్యమును విద్యార్థులచేతనే రాబట్టుడు. పిదప 'అర్థమైనదా?' అని అడుగకుడు. ఆ ప్రశ్నకు ప్రపంచమున ప్రతి తరగతియు తల ఊపును. 'మరియా ఇప్పుడు ఈ ఊరిలో ఉన్నదా? ఎప్పుడు వచ్చినది? వెళ్లిపోయినదా?' అని మూడు చిన్న ప్రశ్నలడుగుడు. భావము పట్టినదో లేదో ఆ జవాబులే చెప్పును. తరువాత ఇద్దరిద్దరిని జతచేసి, ఒకరినొకరు 'మీరిక్కడ ఎంతకాలముగా ఉన్నారు' అని అడిగి తెలిసికొనుమని చెప్పి, మీరు నోరు మూసికొని చెవియొగ్గి నడువుడు. ఒకడు 'సిన్స్ ఫైవ్ ఇయర్స్' అనును. మన తెలుగువారిలో పెక్కుమంది అనునదే అది. ఆ పొరపాటు ఏ దారిని వచ్చినదో మీకు తెలిసినంతగా పరీక్షకునికి తెలియదు. వెంటనే అడ్డుతగులక, చివర దానిని పేరెత్తకుండ బోర్డుపైకెక్కించి, తరగతిచేతనే దిద్దింపుడు. ఇట్టి పాఠమును ఇంట గడియారము పెట్టుకొని, మిత్రులను విద్యార్థులుగా కూర్చుండబెట్టి, అలవాటగువరకు చేసి చూడవలెను.

ఉచ్చారణమును గురించి ఒక మాట. అమెరికా యాసను అరువు తెచ్చుకొనుట వ్యర్థప్రయాస, ఒక్కొక్కప్పుడు హాస్యాస్పదమును. కావలసినది స్పష్టత. మన నోట 'వి', 'డబ్ల్యు' ధ్వనులు ఒకటిగా కలిసిపోవును. పదములోని అన్ని అక్షరములను సమానమైన బరువుతో పలుకుదుము. 'ఫొటోగ్రాఫ్' అనునపుడు ఊనిక మొదటి అక్షరముపైనను, 'ఫొటోగ్రఫీ' అనునపుడు రెండవదానిపైనను పడునని గుర్తించి, నిఘంటువులోని ఊనికగుర్తును చూచి దినమునకు కొన్ని మాటలను బిగ్గరగా చదివి, ఫోనులో రికార్డు చేసికొని వినినచో, కొన్ని మాసములలోనే తేడా తెలియును. తన ఉచ్చారణమును తాను దిద్దుకొనినవాడు ఇతరులకు దిద్దు ఉపాయమును నేర్చినట్లే.

కాగితముల విషయమున అశ్రద్ధ పనికిరాదు. మన మూడేండ్ల బి.ఏ. అన్ని చోట్లను నాలుగేండ్ల అమెరికా డిగ్రీకి సమానముగా లెక్కింపబడదు. దానికి తోడు ఎం.ఏ. యున్నచో, రెంటిని కలిపి మూల్యాంకనము చేయించుట మంచిది. మూల్యాంకనసంస్థలు పెక్కు విశ్వవిద్యాలయము తానే సీలు వేసి పంపిన మార్కుల జాబితాను కోరును గనుక, విమానమెక్కకమునుపే ఆ దరఖాస్తు పెట్టుడు; విదేశమునుండి విశ్వవిద్యాలయపు పరీక్షల విభాగమును కదలించుట ఎంత కష్టమో ఎదుర్కొనినవారికే ఎరుక. భారతదేశము 2005లో అపోస్టిల్ ఒప్పందమున చేరినది. అందు సభ్యత్వము గల దేశములకు విదేశాంగశాఖవారి ఆ ముద్ర చాలును. ఎమిరేట్సు, కతరు, కువైటులకు అది చాలదు. ఆయా రాయబారకార్యాలయపు ధ్రువీకరణము వేరుగా కావలెను. పాస్‌పోర్టు కార్యాలయమిచ్చు పోలీస్ క్లియరెన్సు, పూర్వపు పాఠశాలల అనుభవపత్రములు - తేదీలతోను, బోధించిన తరగతులతోను - తప్పక వెంట నుండవలెను.

స్థానికానుభవము లేదని త్రిప్పిపంపు మాట అందరికిని ఎదురగును. దానికి విరుగుడు గ్రంథాలయములలోను, లిటరసీ కౌన్సిళ్లలోను వారమునకు రెండు గంటలు స్వచ్ఛందముగా బోధించుట. వేతనము గల ఉద్యోగమును ఉచితముగా చేయుట వీసానియమములకు విరుద్ధము కావచ్చును. స్వభావముచేతనే స్వచ్ఛందమైన పనియందు చేరుటలో సామాన్యముగా ఆక్షేపణ ఉండదు. అచ్చట మీ పాఠము చూచిన సంచాలకురాలు వ్రాయు నాలుగు వాక్యముల సిఫారసు, ఇక్కడి ప్రిన్సిపాలు వ్రాసిన నిండుపుటకంటె ఎక్కువ పనిచేయును. ఒంటారియోలో లింక్ తరగతులకు టెసల్ ఒంటారియో గుర్తింపు అవసరము. ఆ చదువులో ప్రాక్టికమ్ భాగముండుటచే స్థానికానుభవమును దానితోనే సమకూరును.

దళారులకు ముందుగా సొమ్ము చెల్లింపకుడు. గల్ఫునకు పోవువారు, తమను పంపు సంస్థ 1983 వలసచట్టము క్రింద నమోదైనదో కాదో ఈ-మైగ్రేట్ జాబితాలో సరిచూచుకొనవలెను. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశములో ఏపీఎన్నార్టీ వంటి ప్రభుత్వసంస్థలను సంప్రదించుటకు మొగమాటపడవలదు. వయోజన తరగతులలో మొదటి నియామకము తరచుగా గంటల లెక్కన, ఒక టర్ముకే ఉండును. దానిని చిన్నచూపు చూడక అంగీకరింపుడు; సంతకము చేయకమునుపు మాత్రము, పాఠము తయారుచేసికొను కాలమునకు వేతనమున్నదా, విద్యార్థులు చాలక తరగతి రద్దైనచో ఏమగును, సెలవుదినములలో బీమా కొనసాగునా అని అడిగి, జవాబును ఈమెయిలులో వ్రాయించుకొనుడు.