మఱ్ఱిచెట్టు క్రింది తరగతి

చిరంజీవి శారదకు పెదనాయన ఆశీర్వదించి వ్రాయునది.

కార్తికమాసమున నీ బడిపిల్లలను పక్షిదర్శనమునకు కొనిపోవ నిశ్చయించితినని వ్రాసితివి, మిగుల సంతోషించితిని. కాని గండిపేట, హిమాయత్‌సాగరము, చిలుకూరు మృగవని, ఈ మూడింటిని ఒక్క ఉదయముననే చుట్టివత్తుమంటివే, అది నాకు రుచింపలేదు. మూడుచోట్ల బస్సు దిగి, మరల ఎక్కి, ఫలహారములు పంచుకొనుసరికి ప్రొద్దెక్కును. ఎండ ముదిరిన పిమ్మట పిట్టలు ఆకుల మాటునకు జారుకొనును.

మొయినాబాదు మీదుగా చేవెళ్ళకు పోవు బాటకిరుప్రక్కల నిజాముకాలపు మఱ్ఱులు, రహదారి వెడల్పు పనివలన గండమునకు లోనైనవి, దాదాపు 900 కలవని లెక్కించిరి. వానిలో వాహనముల రద్దీకి దూరముగా పొలము వైపునకు కొమ్మలు చాచినదానిని ఒక్కదానిని ఎన్నుకొని, తెల్లవారకమునుపే పిల్లలను దానికెదురుగా కూర్చుండబెట్టుము. ఒక మఱ్ఱి పండ్లతో ఎఱ్ఱబారినపుడు పొరుగు మఱ్ఱి పచ్చికాయలతోనే యుండును గనుక, ఏ ఋతువునందైనను ఏదో యొకచోట గోరువంకలకును, కోకిలలకును, పచ్చపావురములకును విందు తప్పదు; అవి తిని విసర్జించిన విత్తులే ఈతచెట్ల మట్టలలోను, పాడుగోడల నెఱ్ఱెలలోను మొలకెత్తి మరల మఱ్ఱులగుచున్నవి. ఈ సంగతిని నీవు చెప్పవలదు. ఏ పిట్ట ఏ కొమ్మపై వ్రాలెను, దేనిని తరిమెను, ఏమి తినెను అని వారిచేతనే వ్రాయింపుము. పేరు ముందుగా చెప్పితివా, పిల్లవాడు పేరు వ్రాసికొని పిట్టను చూచుట మానును.

1931లో హైదరాబాదు సంస్థానమున పక్షుల సర్వేకు పూనుకొనిన సలీం అలీనాటి శాస్త్రజ్ఞులకు తుపాకియే పరికరము; కొట్టి, చర్మమొలిచి పరీక్షించెడివారు. మనకు ఆ అవసరము లేదు. తరగతికంతకును ఒక్క బైనాక్యులరు చాలును, అదియు మొదటి గంట నీ సంచిలోనే యుండనిమ్ము.

మేకలు కాచినవాడెవడైనను నీ తరగతిలో నుండిన, మఱ్ఱికడనుండి లేచి పొలములోనికి పోవునపుడు వానినే ముందు నడవనిమ్ము. గేదె వీపున కూర్చుండిన పసులపోలిగాడు, దాని గిట్టల అలికిడికి లేచు మిడుతలకై కాచుకొనియుండునని వాడెఱుగును; మార్కులు రాకపోయినను ఆనాడు వాడే పంతులు. దున్నిన చేనిలో తీతువు తలపై తిరుగుచు అరచినచో మాత్రము వెంటనే వెనుకకు మరలుడు. అది గ్రుడ్లు బోసినేలపైననే పెట్టును, మట్టిరంగులో కలసిపోయిన ఆ గ్రుడ్లను పాదము గుర్తింపదు.

గండిపేట చెఱువును పుష్యమాసమునకు విడువుము. అప్పటికి ఉత్తరదేశపు బాతులు దిగియుండును. 1908 మూసీ వఱదలో నగరము మునిగిన పిమ్మట, అట్టి విపత్తు మరల రాకుండుటకై కట్టిన గండిపేట ఆనకట్ట 1920లో పూర్తియైనదని గట్టుమీదనే చెప్పవచ్చును. ముందునాడు నీవొక్కతెవే పోయి, నీరెంతవఱకున్నదో, బురదలేని త్రోవ యేదో చూచి రమ్ము.

ఇట్లు,
నీ పెదనాయన