జనవరి 26: ఒకే తేదీ, ఎన్నో చరిత్రలు



పోటీ పరీక్షలకు చదివే మనందరికీ ‘చరిత్రలో ఈ రోజు’ అనే శీర్షిక బాగా పరిచయం. పత్రికలో ఆ ముక్కను కత్తిరించి నోటుబుక్కులో అంటించుకోని వాళ్ళు మన హాస్టల్లో తక్కువ. పైన ఒక తేదీ, దాని కింద పది సంఘటనలు ఉంటాయి. ఒక రాజు పట్టాభిషేకం, ఒక యుద్ధం, ఒక సినిమా నటుడి పుట్టినరోజు, ఒక భూకంపం. అన్నీ ఒకే వరుసలో కూర్చుని ఉంటాయి. స్టడీ అవర్లో వాటిని బట్టీ పడతాం, పరీక్ష అయిపోగానే మరచిపోతాం. ఇది మన జ్ఞాపకశక్తి లోపం కాదు. ఆ పదింటిలో దేనికి దేనితో సంబంధం ఉందో, దేనికి లేదో మనకు ఎవరూ విడమరచి చెప్పకపోవడమే కారణం.

అందుకే ఈ వ్యాసంలో ఒక్క తేదీనే తీసుకుంటున్నాను. జనవరి 26. ఆ రోజు జెండా ఎగరేస్తారని మూడో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. కానీ “జనవరి 26నే ఎందుకు?” అని అడిగితే, “ఆ రోజు రాజ్యాంగం రాయడం పూర్తయింది” అని డిగ్రీ చదివినవాళ్ళు కూడా చెప్పడం నేను విన్నాను. అది సరైన జవాబు కాదు.

ఒక తేదీ మీదకు వచ్చే సంఘటనలు మూడు రకాలు:

1. మనుషులు కావాలని ఎంచుకున్న తేదీ.
2. చట్టంలో రాసిన గడువు ప్రకారం వచ్చిన తేదీ.
3. కాకతాళీయంగా కలిసిన తేదీ.

జనవరి 26లో ఈ మూడు రకాలూ ఉన్నాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎంచుకున్న తేదీ: 1930 నుంచి 1950 వరకు

1929 డిసెంబరులో లాహోరులో, రావీ నది ఒడ్డున, జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగింది. సంపూర్ణ స్వరాజ్యమే లక్ష్యమని ఆ సభ తీర్మానించింది. ఆ తీర్మానాన్ని ఊరూరా జనం చేత ప్రతిజ్ఞగా చదివించడానికి ఒక రోజు కావలసి వచ్చింది. 1930 జనవరిలో చివరి ఆదివారాన్ని ఎంచుకున్నారు. అది 26వ తేదీ. అప్పటి నుంచి 1947 దాకా ఏటా జనవరి 26నే స్వాతంత్ర్య దినంగా జరుపుకున్నారు.

తీరా స్వాతంత్ర్యం వచ్చింది ఆగస్టు 15న. దాంతో పదిహేడేళ్ళు జనం నోట నానిన తేదీ ఖాళీగా మిగిలిపోయింది. ఇంతలో 1946 డిసెంబర్ 9న మొదటిసారి సమావేశమైన రాజ్యాంగ సభ తన పని పూర్తిచేసి, 1949 నవంబర్ 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. పౌరసత్వం, ఎన్నికల సంఘం వంటి కొన్ని అధికరణలు ఆ రోజే అమల్లోకి వచ్చాయి. మిగిలినవన్నీ 1950 జనవరి 26న అమల్లోకి వస్తాయని 394వ అధికరణలో రాశారు. రెండు నెలలు ఆగి మరీ ఆ పాత తేదీకి కొత్త అర్థం ఇచ్చారన్నమాట.

తేదీని ఎంచుకోవడం మనకు కొత్తేమీ కాదు. మన అమ్మానాన్నల ఆధార్ కార్డులు తీసి చూడండి. చాలామందికి పుట్టినరోజు జనవరి 1 అని ఉంటుంది. చదువు లేని ఇళ్ళలో పుట్టిన తేదీ ఎవరూ రాసి పెట్టలేదు కాబట్టి, ఎవరో ఒకరు సౌకర్యం కోసం ఆ తేదీ వేశారు. అక్కడ తేదీ ఎంచుకున్నది వాళ్ళు కాదు. జనవరి 26 విషయంలో మాత్రం ఎంచుకున్నది ఈ దేశపు ప్రజా ఉద్యమం. ఈ తేడా గుర్తు పెట్టుకోండి.

ఆ రోజున ఏమేమి మారాయి?

1950 జనవరి 26 ఉదయం ఢిల్లీలో భారతదేశాన్ని గణతంత్ర రాజ్యంగా ప్రకటించారు. డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ మొదటి రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. ఇర్విన్ స్టేడియంలో జరిగిన కవాతుకు ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో ముఖ్య అతిథిగా వచ్చారు. సారనాథ్ స్తంభం మీది సింహాలు జాతీయ చిహ్నమయ్యాయి. ఫెడరల్ కోర్టు స్థానంలో సుప్రీంకోర్టు ఏర్పడింది. పరమవీర చక్ర పురస్కారాన్ని ఆ రోజే నెలకొల్పారు.

మన ప్రాంతానికి వస్తే, హైదరాబాదు రాష్ట్రంలో అదే రోజు ఎం.కె. వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యారు. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రాజప్రముఖ్ అయ్యారు. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం మాత్రం 1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావు నాయకత్వంలో గాని రాలేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి.

రాజ్యాంగ రచనలో తెలుగువారి పాత్ర కూడా తెలుసుకోవాలి. నెల్లూరు ప్రాంతానికి చెందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, డాక్టర్ అంబేద్కర్ అధ్యక్షతన పనిచేసిన ముసాయిదా సంఘంలో సభ్యులు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి రాజ్యాంగ సభ సభ్యురాలు. ఆమే తరువాత 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు అయ్యారు. ఆ సభలో ఉన్న ఒకే ఒక దళిత మహిళ కేరళకు చెందిన దాక్షాయణి వేలాయుధన్.

మన హాస్టలుకు ఆ తేదీతో ఏమి పని?

ఇక్కడ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కొంచెం నిదానంగా చదవాలని కోరుతున్నాను.

ఆ రోజున అమల్లోకి వచ్చిన వాటిలో 17వ అధికరణ ఉంది. అంటరానితనాన్ని రద్దు చేసింది అదే. 326వ అధికరణ ఉంది. చదువు, ఆస్తి, కులం అనే లెక్క లేకుండా 21 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు ఇచ్చింది. ఈ వయసును 1989లో 18కి తగ్గించారు. అలాగే 46వ అధికరణ ఉంది. బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డు కులాల, తెగల విద్యా ప్రయోజనాలను ప్రభుత్వం ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని చెప్పింది. మనం పడుకునే గది, మెస్సులో తినే అన్నం, జూన్‌లో ఇచ్చే పుస్తకాలు ఎవరో జాలిపడి ఇస్తున్నవి కావు. వాటి వెనుక ఈ అధికరణ ఉంది.

అయితే 46వ అధికరణ ఆదేశిక సూత్రం మాత్రమే. అమలు చేయలేదని కోర్టుకు వెళ్ళడానికి వీలులేదు. పైగా 1951లో చంపకం దొరైరాజన్ కేసులో, మద్రాసు రాష్ట్రంలో కాలేజీ సీట్లను కులాలవారీగా కేటాయించిన ఉత్తర్వు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పుడు పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణ చేసి 15(4) అధికరణను చేర్చింది. మన కాలేజీ సీట్లకు ఆ చిన్న క్లాజే పునాది. జనవరి 26తో పాటు 1951ని కూడా ఒక ముడి వేసి గుర్తు పెట్టుకోండి.

మా నాన్న ఒక సంగతి చెబుతుంటారు. ఆయన చిన్నప్పుడు ఊరి బడిలో జనవరి 26న అందరి పిల్లలతో కలిసి జెండాకు వందనం చేసేవారట. అక్కడ పంచిన బిళ్ళలు జేబులో వేసుకుని మా తాతతో కలిసి టీ కొట్టుకు వెళితే, మా పేట వాళ్ళ గ్లాసులు చూరుకు వేరుగా ఉండేవట. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. 1950లో రద్దయినది ముప్పై ఏళ్ళ తరువాత కూడా చూరులో ఉంది. అంటరానితనం నేరాల చట్టం 1955లో వచ్చింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం చేయవలసి వచ్చింది.

డాక్టర్ అంబేద్కర్ ఈ ప్రమాదాన్ని ముందే చెప్పారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, జనవరి 26న మనం ఒక వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని, రాజకీయాల్లో సమానత్వం ఉంటుంది గాని సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత్వం మిగిలే ఉంటుందని హెచ్చరించారు. అంటే, ఆయన దృష్టిలో ఆ తేదీ పని ముగిసిన రోజు కాదు, మొదలైన రోజు.

గడువు ప్రకారం వచ్చిన తేదీ: 1965

రెండో రకానికి మంచి ఉదాహరణ 1965 జనవరి 26. కేంద్ర అధికార భాష హిందీ అని, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నాటి నుంచి 15 ఏళ్ళ పాటు ఇంగ్లీషు కూడా కొనసాగుతుందని 343వ అధికరణ చెప్పింది. 1950కి 15 కలపండి. సరిగ్గా 1965 జనవరి 26. ఇంగ్లీషు కొనసాగవచ్చని 1963లో చట్టం చేసినా మద్రాసు రాష్ట్రంలో భయం పోలేదు. ఉద్యోగ పరీక్షల్లో వెనుకబడిపోతామని విద్యార్థులు పెద్ద ఎత్తున ఆందోళనకు దిగారు. డి.ఎం.కె. ఆ రోజును సంతాప దినంగా ప్రకటించింది. ప్రాణాలు పోయాయి. చివరకు 1967లో చట్టాన్ని సవరించి ఇంగ్లీషుకు భరోసా ఇచ్చారు.

ఇది 1950కి కన్నబిడ్డ లాంటి తేదీ. సంబంధం తెలిస్తే సంవత్సరాన్ని బట్టీ పట్టనక్కర లేదు, లెక్కగట్టవచ్చు.

అదే తేదీ, ఇంకో దేశంలో

ఇప్పుడు ఆస్ట్రేలియాకు వెళదాం. అక్కడా జనవరి 26 జాతీయ దినమే. దానికీ మన గణతంత్రానికీ సంబంధం లేదు. 1788 జనవరి 26న కెప్టెన్ ఆర్థర్ ఫిలిప్ 11 ఓడల్లో ఖైదీలను, సైనికులను తెచ్చి సిడ్నీ తీరంలో బ్రిటిషు జెండా పాతాడు. ఆస్ట్రేలియా డే ఆ రోజు జ్ఞాపకమే.

కానీ ఆ నేల అప్పటికి ఖాళీగా లేదు. వేల ఏళ్ళుగా అక్కడ ఆదివాసులు జీవిస్తున్నారు. వాళ్ళకు అది భూమి పోయిన రోజు. 1938లో ప్రభుత్వం 150వ వార్షికోత్సవం జరుపుతుంటే, జాక్ ప్యాటెన్, విలియం ఫెర్గూసన్, విలియం కూపర్ వంటి ఆదివాసీ నాయకులు అదే రోజు సిడ్నీలో ‘సంతాప దినం’ సభ పెట్టి సమాన పౌర హక్కులు అడిగారు. 1972 జనవరి 26న కాన్‌బెర్రాలో పార్లమెంటు భవనం ఎదుట భూమి హక్కుల కోసం గొడుగు పాతి కూర్చున్నారు. అదే ఆదివాసీ గుడార రాయబార కార్యాలయంగా పేరుపొందింది. 1788, 1938, 1972 ఒక గొలుసు. వాళ్ళూ ఆ తేదీని కావాలనే ఎంచుకున్నారు, ఎదురు ప్రశ్న వేయడానికి.

ఒక్కసారి ఆలోచించండి. 1938లో అదే రోజు మన ఊళ్ళలో జనం స్వరాజ్య ప్రతిజ్ఞ చదువుతున్నారు. సిడ్నీలో ఆదివాసులు నల్ల దుస్తులు వేసుకుని సభ జరుపుతున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియకపోయినా, ఇద్దరూ ఒకే సామ్రాజ్యాన్ని ప్రశ్నిస్తున్నారు.

కాకతాళీయాలు

2001 జనవరి 26 ఉదయం 8.46కి, దేశమంతా జెండా పండుగలో ఉండగా, గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో భారీ భూకంపం వచ్చింది. 13 వేల మందికి పైగా మరణించారు. అంజార్ పట్టణంలో గణతంత్ర దినోత్సవ ఊరేగింపులో నడుస్తున్న బడి పిల్లలు ఇళ్ళు కూలి చనిపోయారు. భూమికి క్యాలెండరు తెలియదు. కానీ ఇరుకు వీధి, బలహీనమైన గోడ మనిషి చేతిలోనివే. విపత్తు నిర్వహణకు 2005లో దేశవ్యాప్త చట్టం వచ్చింది.

మరికొన్ని:

1823: మశూచి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్ మరణం.
1915: నాగా వీరవనిత రాణి గైడిన్లియు జననం. చిన్న వయసులోనే అరెస్టయి చాలా ఏళ్ళు జైల్లో ఉన్నారు.
1926: లండన్‌లో జాన్ లోగీ బెయిర్డ్ శాస్త్రవేత్తలకు టెలివిజన్‌ను చూపించడం.
1944: అమెరికా నల్లజాతి ఉద్యమకారిణి, ఆచార్యురాలు ఏంజెలా డేవిస్ జననం.
1968: మన నటుడు రవితేజ జననం (ఇది చెప్పకపోతే మన రూమ్మేట్లు ఒప్పుకోరు!).
1986: ఉగాండాలో మూసెవెనీ సేనలు రాజధాని కంపాలాను పట్టుకోవడం.
2002: పౌరులు ఏ రోజైనా జాతీయ జెండా ఎగరేయవచ్చన్న కొత్త నియమావళి అమలు.
2015: ‘సామాన్యుడి’ని గీసిన కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ మరణం.

తికమక పెట్టే తేదీలు

పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. వరుసగా రాసుకోండి.

1949 నవంబర్ 26: రాజ్యాంగ ఆమోదం (2015 నుంచి రాజ్యాంగ దినోత్సవం).
1950 జనవరి 24: సభ్యుల సంతకాలు. జనగణమన జాతీయ గీతం కావడం.
1950 జనవరి 25: ఎన్నికల సంఘం ఏర్పాటు (2011 నుంచి ఓటర్ల దినోత్సవం).
1950 జనవరి 26: రాజ్యాంగం పూర్తిగా అమలు.
1950 జనవరి 28: సుప్రీంకోర్టు ప్రారంభ సమావేశం.

మీరు చేయవలసిన అభ్యాసం

ఏ తేదీ చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ తేదీని ఎవరు ఎంచుకున్నారు? దీని ముందు, వెనుక ఉన్న తేదీలు ఏవి? ఈ రోజున పండుగ చేసుకోలేని వాళ్ళు ఎవరైనా ఉన్నారా? మొదటి రెండు ప్రశ్నలు పరీక్షకు పనికొస్తాయి. మూడోది పరీక్ష దాటిన తరువాత కూడా పనికొస్తుంది.

ఇదే పద్ధతిలో ఏప్రిల్ 14, డిసెంబర్ 6, ఆగస్టు 15 తేదీలకు ఒక్కొక్క పేజీ తయారుచేసి హాస్టల్ నోటీసు బోర్డుకు పెట్టండి. ఒక గదికి ఒక తేదీ చొప్పున పంచుకుంటే ఏడాది తిరిగేసరికి మనదైన చరిత్ర పుస్తకం తయారవుతుంది. వచ్చే జనవరి 26న జెండా కింద వరుసలో నిలబడినప్పుడు పక్కనున్న చిన్న తరగతి తమ్ముడికి 17, 46 అధికరణల గురించి రెండు ముక్కలు చెప్పండి. నాకు ఆ మాటలు చెప్పేవాళ్ళు పీజీకి వచ్చేదాకా దొరకలేదు. వాడికి అంత ఆలస్యం కాకూడదు.

– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (చరిత్ర)