పల్లెలో ఇల్లు: కొత్తది కొనడమా, పాతది బాగుచేయడమా?

బెంగళూరులో స్థిరపడిన మనవారిలో పలువురు కోలారు, చిక్కబళ్లాపురం పల్లెలలో ఒక ఇల్లు ఉండాలని కోరుకుంటారు. కొత్త ఇల్లయితే తాళంచెవి వెంటనే చేతికి వస్తుంది. కాని అది నిలిచిన వ్యవసాయభూమికి నివాసమార్పిడి ఉత్తర్వు ఉన్నదా అని ముందుగా చూడాలి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, స్వాధీనమైన 5 సంవత్సరాలలోపు తెలిపిన నిర్మాణలోపాన్ని ప్రమోటరు 30 రోజులలో ఉచితంగా సరిచేయాలి. అయితే 500 చదరపు మీటర్లు మించని స్థలంలోని నిర్మాణానికి రెరా నమోదు తప్పనిసరి కాదు.

పాత మట్టిగోడ తేమను పీల్చి, తిరిగి విడుస్తుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి, గోడ అడుగు మెత్తబడుతుంది. సున్నపు పూతే తగినది. సిమెంటే గట్టిదని మేస్త్రి ఎంత చెప్పినా ఒప్పుకోవద్దు. మిద్దె దూలాలు తరచుగా గోడలో దిగిన కొనల వద్దనే పుచ్చుతాయి. అక్కడ సుత్తితో తట్టి చూసిన తరువాతే ధర మాట్లాడండి.

అన్నిటికన్నా చిక్కు వారసత్వంతోనే. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. అన్నదమ్ముల నోటిమాట పంపకాలు కనిపించవు. 2005 సవరణతో హిందూ ఉమ్మడి కుటుంబాల పిత్రార్జితంలో కుమార్తెలకూ సమాన హక్కు ఉన్నది. కనుక అత్తవారిళ్లలో ఉన్న ఆడపడుచుల సంతకాలు కూడా వచ్చేవరకు బయానా ఇవ్వకండి.